హ్యాండ్ అంటే ఏ చెయ్యి?

ద్వీప రాజధాని కాస్ట్రీస్ రేవులో మధ్యాహ్నం రెండింటికి సైలెన్సర్ బిగించిన తుపాకి ఒక్కసారి దగ్గింది. ఏజెంట్ ఆన్సెల్మ్ చేపల బుట్టల మీదికి ఒరిగిపోయాడు. సాటి ఏజెంట్ ఇస్మే పరుగున వచ్చి అతని తల ఒళ్ళో పెట్టుకుంది. అతను ఒక్క మాట అన్నాడు.

"హ్యాండ్."

అంతే, ప్రాణం పోయింది.

పది నిమిషాల్లో బ్రీఫింగ్. చీఫ్ ఫిల్జెన్స్ చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు.

"విదేశీ ముఠా పని. మూడింటికి, అరటిపళ్ళ ఓడకి లోడింగ్ జరుగుతుండగా బాంబు. ఓడలో ఇరవై తొమ్మిది మంది. ఇంతవరకు ఆన్సెల్మ్ వైర్‌లెస్‌లో చెప్పాడు, ఎక్కడ పెట్టారో చెప్పబోతూ పోయాడు. హ్యాండ్ అంటే ఏంటి? ఓడ కూలీనీ హ్యాండే అంటాం, చేతిలో పేకముక్కల్నీ హ్యాండే అంటాం."

"గడియారం ముల్లూ హ్యాండే సార్. ఓడ పక్కన కస్టమ్స్ టవర్ గడియారం," అన్నాడు కెర్విన్. వైర్‌లెస్ ఆఫీసర్, ద్వీపం మొత్తానికి అందగాడు, ఇస్మే భర్త.

దళమంతా టవర్ మీదికి ఉరికింది. ఇస్మేకి మనసొప్పలేదు. ఆన్సెల్మ్ తల్లి రేవులోని అరటి షెడ్డులో గెలల నుంచి అత్తాలు, ఒక్కో వరస పళ్ళ గుత్తి, కోసేది. ఆ షెడ్డులో పెరిగినవాడికి హ్యాండ్ అంటే ముందు అరటి అత్తమే. ఇస్మే తలకి గుడ్డ చుట్టి, మోతకూలీ వేషంలో షెడ్డుకి వెళ్ళింది. వేలి ఉంగరంలో మెటల్ డిటెక్టర్ ఉంది.

"వేషం బాగానే వేశావు గానీ ఆ నడక ఎక్కడ దాస్తావే?" అంది అత్తాలు కడుగుతున్న ముసలి టెలిస్. "పొద్దున మీ ఆయనొచ్చాడు. ఓడకెక్కే ఆ చివరి పెట్టెలో ఒక అత్తం తనే సర్దాడు. మోచేయి రుద్దుకుంటా 'నా ఆర్మ్ నొప్పి' అంటాడు. ఏ దొరల ఊళ్ళో పుట్టాడమ్మా? మనకి భుజం కాడి నుంచి గోటి దాకా అంతా హ్యాండేగా."

ఆడవాళ్ళంతా నవ్వారు. ఇస్మే చివరి పెట్టె వైపు తిరిగింది. ఈ ద్వీపంలోనే, సూఫ్రియేర్‌లో పుట్టానన్నాడు కెర్విన్. పోయిన వారం తమ పాప భుజానికి టీకా వేయించినప్పుడూ ఆర్మ్ అనే అన్నాడు. పెద్ద చదువుల ఇంగ్లీషు అనుకుని తను మురిసిపోయింది. అది పరాయి దేశపు ఇంగ్లీషు.

చివరి పెట్టె దగ్గర ఉంగరం వణికింది. పచ్చటి అత్తం, గోటితో గీరితే మైనం. లోపల టిక్ టిక్. రెండు యాభై ఎనిమిది.

"డూడూ, అది వదిలెయ్."

టవర్ దగ్గర భార్య కనబడక వెతుక్కుంటూ వచ్చాడు కెర్విన్. చేతిలో సైలెన్సర్ తుపాకి. గొంతు మాత్రం రోజూ డూడూ అని ముద్దుగా పిలిచేదే.

"మన పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకుగా నీ పక్కన నిలబడ్డాడు ఆన్సెల్మ్," అంది ఇస్మే.

"ఆర్డర్స్. పాపని తీసుకుని కొండ మీదికి వెళ్ళిపో. పాప మాత్రం అబద్ధం కాదు, ఇస్మే."

"దానికి నాన్న పేరేం చెప్పమంటావు?"

కెర్విన్ చూపు ఆమె వేలి ఉంగరం మీదికి జారింది. ఆ సందులో టెలిస్ బకెట్ నీళ్ళు అతని మొహాన కొట్టింది. తుపాకి జారింది. అరటి కత్తులతో ఆడవాళ్ళు చుట్టుముట్టారు. ఇస్మే మైనం చీల్చి వైరు తెంపింది. మూడింటికి ఒక్క సెకను ముందు టిక్కు ఆగింది.

కెర్విన్‌ని జీపెక్కించాక చీఫ్ దగ్గరికొచ్చాడు.

"ఇన్ని వేల అత్తాల్లో దొంగ అత్తాన్ని ఎట్లా పట్టావమ్మా?"

"అత్తం కాబట్టి దొరికింది సార్," అంది ఇస్మే. "నాలుగేళ్ళు నా చెయ్యి పట్టుకు తిరిగిన దొంగే ఇవాళ్టిదాకా దొరకలేదు."