పై లిమిట్

"డోన్ జంక్షన్ సిగ్నళ్లు ఈ మధ్యాహ్నం శత్రువు చేతికి పోతాయి. వాటిని చెడగొట్టే జామర్ యంత్రం కల్లూరులో ఉంది. ఆపెయ్." చీఫ్ బ్రీఫింగ్ అంతే. ఆ లైన్లో వచ్చే ఎక్స్‌ప్రెస్‌లో తన తల్లి ప్రేమమ్మ ఉందని ఏజెంట్ అవినాష్ చెప్పలేదు.

షేర్ ఆటో డ్రైవర్ వేషంలో మూతబడ్డ బండల ఫ్యాక్టరీలోకి దూరాడు. జామర్ ఉన్న స్టీల్ గదిలో అడుగు పెట్టాడో లేదో, వెనక తలుపు ధన్‌మని పడింది. కిటికీ లేదు. చొక్కా గుండీలోని ట్రాన్స్‌మిటర్ మూగబోయింది. బోనులో ఎలుకలా చిక్కినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

స్పీకర్లో నవ్వు వినిపించింది. శివలీల! ఏజెన్సీ జీతం, విదేశీ ముఠా జీతం రెండూ తీసుకునే అందగత్తె. ఒకప్పుడు కర్నూలు కోచింగ్ సెంటర్లో అతని పక్క బెంచీ.

"ఏమప్పా, బాగుండావా? లాక్ నేనే పెట్టినా. జవాబు కొడితే జామర్ ఆగుతాది, తలుపు తెరుచుకుంటాది. తప్పు కొడితే ఇంకో ఛాన్స్ లేదు."

స్క్రీన్ వెలిగింది. F(x) అంటే 1 నుంచి x² వరకు (t+1) ఇంటిగ్రల్. x = 3 దగ్గర దాని డెరివేటివ్ ఎంత?

చెమట తుడుచుకుని లెక్కేశాడు. t చోట x², అంటే 9 పెడితే 10. పై లిమిట్ ఒట్టి x కాదు కాబట్టి, x² డెరివేటివ్ 2x, అంటే 6తో గుణించాలి. 60. వేలు 6 మీదికి పోయింది.

"ఇంకా ఆలోచిస్తాండావా? ఇంటిగ్రల్, డెరివేటివ్ కొట్టేసుకుంటాయి. పై లిమిట్ పెడితే అయిపాయ. ఒక్క లైను లెక్క."

వేలు ఆగింది. అది కోచింగ్‌లో బసవరాజు సార్ నేర్పిన షార్ట్‌కట్. దాన్ని నమ్మే అవినాష్ ఎంట్రన్స్‌లో మునిగాడు. అందులో 2x ఉండదు.

ఆమె కావాలనే తప్పుదారి పట్టిస్తోందా? కానీ శివలీల దేశాన్ని మోసం చేస్తుందే తప్ప, తన తెలివి గురించి గొప్పలు చెప్పకుండా ఉండలేదు. అమ్మను తలుచుకుని 10 కొట్టాడు.

జామర్ ఆగింది. తలుపు తెరుచుకుంది. పక్క గదిలో శివలీల లేచే లోపే బేడీలు పడ్డాయి.

"నీకు లెక్కలు యాడ వచ్చినాయి?" అంది, నమ్మలేక.

"సరైన జవాబు అరవై, లీలా. నువ్వు తప్పు జవాబుతో లాక్ పెట్టినావు."

జీపు ఎక్కేదాకా ఆమె బేడీల చేతులతోనే వేళ్లు మడిచి లెక్కేసుకుంటూ ఉంది.