నాణెం పట్టేంత సందు

“మీ తలుపు మళ్ళీ బిగుసుకుందండీ.”

“నా తలుపేమిటండీ? కూల్చేసిన బంగళాల సామాను అమ్మే కొట్టులో ముచ్చటపడి కొన్నది మీరు. నేను బిగించానంతే.”

“బిగించమంటే మరీ ఇంతలా బిగించాలా?” ఫోన్లో ఆమె నవ్వు కూడా వినబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నెల రోజుల్లో ఇది నాలుగోసారి. వందేళ్ళనాటి టేకు తలుపు అది. వాళ్ళ పాత ఇంటి ద్వారబంధంలో దాన్ని కూర్చోబెట్టడానికి నాకు వారం పట్టింది. నాకు వడ్రంగం నేర్పిన మామయ్య లెక్క ఒకటే: తలుపుకీ ద్వారబంధానికీ మధ్య నాణెం పెడితే పైనుంచి కిందిదాకా ఎక్కడా ఆగకుండా, ఎక్కడా వదులవకుండా జారాలి. బిగించిన రోజు జారింది. ఆమే స్వయంగా జార్చి చూసి, “అబ్బ, ఎంత బాగా వెళ్తోందో!” అని చప్పట్లు కొట్టింది. ఆ రోజు నుంచే నాకు నిద్ర కరువైంది. అది వేరే గొడవ.

వెళ్ళేసరికి వాళ్ళ నాన్నగారు గుమ్మం ముందు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు.

“ఏమయ్యా, నా ఇంట్లోకి నేనే దొంగలా పెరటిదారిన దూరాలా? సాయంత్రంలోగా ఇది సరిగ్గా పడకపోతే రేపే పీకించేస్తా. వేరే వడ్రంగిని పిలిచి కొత్తది పెట్టించుకుంటా. నువ్వు మళ్ళీ ఈ గుమ్మం తొక్కనక్కర్లేదు!”

తలుపు పోతే నా పేరు పోతుంది, సరే. కానీ ఈ ఇంటికి రావడానికి నాకున్న ఒకే ఒక్క వంక కూడా పోతుంది. ఆ మాట ఎవరితో చెప్పుకోను?

ఆయన బజారుకెళ్ళారు. ఆమె మాత్రం ఏమీ ఎరగనట్టు డబ్బాతో కుండీలకి నీళ్ళు పోస్తోంది.

“కాఫీ తాగుతారా?”

“వద్దు.”

“కోపమా?”

“మూడుసార్లు చిత్రిక పట్టానండీ! మూడుసార్లూ మీరు నవ్వారు.”

“నవ్వితే తప్పా?”

“తప్పే!” అనేశాను. ఎందుకన్నానో నాకే తెలీదు. ఆమె మొహం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు తెరుచుకోదు కాబట్టి ఇల్లంతా చుట్టి వెళ్ళాల్సి వచ్చింది పాపం.

భుజంతో నెట్టి తలుపు తెరిచి, విసురుగా ఒక్కసారి చిత్రిక లాగాను. చెక్కపొట్టు గలగలా రాలలేదు. మెత్తగా నా వేలికి అంటుకుంది.

తడి! మూడు వారాలుగా చినుకన్నది లేదు. కుండీల నీళ్ళేమో అనుకున్నాను. కానీ కింద గడప దగ్గర పొడిగానే ఉంది. తడంతా నా ఛాతీ ఎత్తున, గడియ దగ్గరే. నీళ్ళు పైకి ఎగురుతాయా?

ఇంతలో ఆమె కాఫీ పట్టుకుని, తెరిచిన తలుపులోంచి వచ్చింది. నేను పొట్టు చూపించాను.

“ఇక్కడొక్కచోటే వాన పడిందాండీ?”

ఆమె తల వంచుకుంది. “మొదటిసారి నిజంగానే వానకి బిగుసుకుంది. మీరొచ్చారు. ఆ తర్వాత వాన రాలేదు. నేనేం చెయ్యను?”

చిత్రిక కింద పడేశాను.

“నా పరువు తీశారు కదండీ! ఊరికే ఫోన్ చేసి రమ్మంటే పరుగెత్తుకుంటూ వచ్చేవాణ్ణి!”

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!”

“ఇప్పుడు చెప్తున్నా. మీరంటే ఇష్టం. చాలా?”

“కొంచెం కోపం తగ్గించి చెప్పండి.”

తగ్గించి చెప్పాను. కాఫీ చల్లారిపోయింది.

తలుపు ఊడదీసి సాయంత్రందాకా ఎండలో పెట్టి, మళ్ళీ బిగించాను. వాళ్ళ నాన్నగారు వచ్చి నిలబడ్డారు. సందులో నాణెం పెట్టాను. అది జారలేదు, ఠంగుమని గడప మీద పడింది.

ఆయన సందులో వేలు పెట్టి చూశారు. “ఇదేంటయ్యా? పిల్లి దూరేట్టుంది!”

“ఉబ్బిన చెక్కని మూడుసార్లు చెక్కేశానండీ. ఆరాక తగ్గిపోయింది. అంచుకి సన్నటి చెక్క అతకాలి. తప్పు నాదే.”

“వాన లేకుండా ఉబ్బడమేంటి?”

నేను నేల చూపులు చూశాను. ఆమె ముందుకొచ్చింది.

“నీళ్ళు పోసింది నేనే నాన్నా. ఈయన రావాలని.”

ఆయన కూతుర్ని చూశారు. నన్ను చూశారు. సందు వైపు చూశారు.

“అతకడానికి ఎప్పుడొస్తావు?”

“రేప్పొద్దున్నే వస్తానండీ! జిగురు, చిత్రిక తెచ్చి...”

“అవి తర్వాత. ముందు మీ అమ్మనీ, మామయ్యనీ తీసుకురా. మా పిల్ల గురించి మాట్లాడాలి.” గడప మీది నాణెం తీసి నా చేతిలో పెట్టారు. “ఈ గుమ్మంలోంచే రావాలి వాళ్ళు. పెరటిదారిన కాదు.”

అని, కూతురి వైపు తిరిగారు. “ఆ నీళ్ళ డబ్బా ఇలా ఇవ్వు ముందు!”