పడకగదిలో ఇనుప మోత

బఫలో నగరంలో సరస్సు మీంచి వచ్చే గాలికి ఆ ఉదయం ఆగ్నెస్ డోరన్ ఆఫీసు కిటికీలు గడగడలాడుతున్నాయి. తలుపు తోసుకుని వచ్చిన ముసలావిడలో మాత్రం వణుకు లేదు. బూట్లకు అంటుకున్న మంచును గుమ్మంలోనే దులిపి, కూర్చోమనకముందే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా పేరు హలీనా వ్రోబెల్. నేను గొట్టాలు బాదుతున్నానని మా ఇంటి ఓనరు కోర్టుకెక్కాడు. నేను బాదలేదు. బాది ఉంటే బాదానని నేనే చెప్పేదాన్ని."

ఆగ్నెస్ డోరన్ ప్రైవేట్ డిటెక్టివ్. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వాళ్ళ ముఖం కన్నా చేతులను ఎక్కువగా చూసేది. సహాయకుడు లూయీ పెట్రాకిస్ ఒకప్పుడు సిటీ బస్సు నడిపినవాడు. ఆవిడ బుర్ర ముందు తన బుర్ర దండగ అని నలుగురిలోనూ గర్వంగా చెప్పుకునేవాడు.

హలీనా తన గోడంతా చెప్పింది. మూడంతస్తుల పాత ఇటుకల మేడలో కింది వాటా ఆవిడది. నేలమాళిగలోని బాయిలర్ నుంచి ఆవిరి గొట్టాల గుండా ప్రతి వాటాకూ వెళ్ళి, గదుల్లోని ఇనుప రేడియేటర్లను వేడెక్కిస్తుంది. కొన్నాళ్ళుగా బాయిలర్ వెలిగిన కాసేపటికల్లా సుత్తితో ఇనుమును మోదినట్టు ధన్ ధన్ మని మేడంతా మోత. అందరి వేళ్ళూ ఆవిడ వైపే చూపించాయి. దానికీ ఒక కారణం ఉంది. ఓనరు బాయిలర్ వెలిగించకుండా పిసినారితనం చేసిన ఒక చలికాలంలో ఆవిడ పెనం తీసుకుని గొట్టాలను వాయించి, మేడంతటికీ వెచ్చదనం రప్పించింది. అంతకు ముందు పిండిమిల్లులో సమ్మె నడిపించిన మనిషి ఆవిడ.

"సోమవారం విచారణ. ఖాళీ చేసి పోతే కేసు వదిలేస్తాడట. నేను పోను" అంది.

ఆ రోజే ఆగ్నెస్, లూయీ ఆ మేడకు వెళ్ళారు. కింది అంతస్తులో హలీనా వాటాకు ఎదురుగా ఉన్న వాటాను ఓనరు పాత సామానుతో నింపి తాళం వేసుకున్నాడు. హలీనా వాటాలో మూడు గదులు, గదికొక రేడియేటర్. ఆగ్నెస్ వంటగదిలో వంగి చూసింది. గొట్టం రేడియేటర్‌కు ఒక కొసన కలుస్తోంది. రెండో కొసన కాళ్ళ కింద చెక్క దిమ్మలు ఉన్నాయి. రేడియేటర్‌తో పాటు వాటికీ ఎవరో ఏనాడో వెండిరంగు పూశారు. ముందుగదిలోనూ అంతే. పడకగదిలో మాత్రం దిమ్మలు లేవు. ఆ కాళ్ళు నేల మీదే ఆనుకుని ఉన్నాయి. వాటి చుట్టూ నేలకు వేసిన గోధుమరంగు అంటని వట్టి చెక్క, రెండు చదరపు మచ్చలుగా కనిపిస్తోంది.

ఆగ్నెస్ ఆ రేడియేటర్ మీద ఒక సన్నని పలక పెట్టి దానిపై పెన్సిల్ ఉంచింది. పెన్సిల్ గొట్టానికి దూరంగా, కిటికీ వైపు దొర్లిపోయింది.

"ఆవిరి వచ్చే ఈ వాల్వ్ సగమే తెరిచి ఉందేమండీ?"

"సగం మూస్తే చప్పుడు తగ్గుతుందేమోనని నేనే మూశాను. తగ్గలేదు."

తలుపు తాళం సంగతి అడిగితే, ఓనరు చెప్పాపెట్టకుండా లోపలికి వస్తున్నాడని తలుపుకు తన తాళం బిగించుకున్నానంది. ఆఖరికి బాయిలర్ బాగుచేసేవాణ్ణి పంపిస్తానన్నా, వాడు ఓనరు గూఢచారేనని గడప తొక్కనివ్వలేదట. చలికాలం మొదట్లో రోచెస్టర్‌లో చెల్లెలికి ఒంట్లో బాగాలేక వెళ్ళినప్పుడు మాత్రం, మొక్కలకు నీళ్ళు పోయమని తాళంచెవి పై అంతస్తు ఆంబ్రోస్ టులీకి ఇచ్చింది. ఆయనకు వీలుకాని రోజున మధ్య అంతస్తు డోలరెస్ ఫిన్నీ వచ్చి పోసింది. పోతూ హలీనా ఆవిరి రాకుండా వాల్వులన్నీ మూసి వెళ్ళింది. తిరిగి వచ్చి తెరిచాకే మోత మొదలైంది.

ఓనరు కెల్విన్ స్ట్రౌడ్ పక్కవీధిలోనే ఉంటాడు. బాయిలర్ తనే వెలిగిస్తాడు. మోత ఎక్కడి నుంచి వస్తోందని ఆగ్నెస్ అడిగితే, "ఇంకెక్కడి నుంచి? ఆవిడ వంటగదిలోంచి. పెనంతో బాదుతోంది" అన్నాడు. కింది వాటా కోసం వేరేవాళ్ళు కాచుకుని ఉన్నారని కూడా అన్నాడు. ఎవరో మాత్రం చెప్పలేదు.

డోలరెస్ ఫిన్నీ ఇంట్లోనే పిల్లలకు పియానో నేర్పుతుంది. అందరికన్నా ఎక్కువ ఫిర్యాదులు చేసింది ఆవిడే. "ఎక్కడని చెప్పనండీ, గోడలన్నీ మోగుతాయి. పిల్లలు తాళం తప్పుతున్నారు. వాళ్ళమ్మలు నన్ను అంటున్నారు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మెట్లెక్కి పైకి చేరేసరికి లూయీకి ఆయాసం వచ్చింది. ఆంబ్రోస్ టులీ నెమ్మదస్తుడు. కాఫీ ఇచ్చి, గసగసాల కేకు కోసి పెట్టాడు. అది హలీనా పంపించిందేనట. ఆయన భార్య నోరా తుంటి ఎముక దెబ్బతిని మంచం మీద ఉంది. లేవడానికి వీలుగా మంచం కోళ్ళ కింద దిమ్మలు పెట్టి ఎత్తు చేశారు. తలవైపువి కొత్త చెక్క. కాళ్ళవైపువి పాతవి, పక్కల వెండిరంగు పూసి ఉంది.

"హలీనా మంచి మనిషండీ. ఏదో వయసు మీద పడి అలా చేస్తోందేమో. ఆ పడకగది రేడియేటర్ కూడా పాతదైపోయింది పాపం" అన్నాడు ఆంబ్రోస్.

కిందికి దిగుతూ ఆగ్నెస్ ఒక్క మాటే అంది. "లూయీ, రేపు మధ్యాహ్నం అందరినీ కింది వాటాకు రమ్మను. స్ట్రౌడ్ బాయిలర్ వెలిగించి రావాలి. నువ్వో గునపం తీసుకురా."

మర్నాడు అందరూ హలీనా పడకగదిలో చేరారు. నోరా వచ్చేదాకా ఆగవలసివచ్చింది. ఆంబ్రోస్ భుజం పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగుతుంటే, మెట్టు మెట్టుకూ ఆవిడ మూలుగు కింద గదిలోకి వినిపించింది. స్ట్రౌడ్ అసహనంగా టోపీ తిప్పుతున్నాడు.

ఆగ్నెస్ హలీనాను గది మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకోమంది. కాసేపటికి గొట్టంలో ఆవిరి బుసకొట్టింది. ఆ వెనకే ధన్ మని మోత. మళ్ళీ, మళ్ళీ. హలీనా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. డోలరెస్ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"బాదేది ఈవిడ కాదు, నీళ్ళు" అంది ఆగ్నెస్. "ఈ మేడలో ఆవిరి రావడానికీ, చల్లారి నీళ్ళయ్యాక తిరిగి బాయిలర్‌కు పోవడానికీ ఉన్నది ఒకటే గొట్టం. అందుకని రేడియేటర్ ఎప్పుడూ గొట్టం వైపు కాస్త వాలి ఉండాలి. ఇది కిటికీ వైపు వాలింది. నీళ్ళు వెనక్కి పోలేక ఆ కొసన నిలిచిపోతున్నాయి. ఆవిరి దూసుకొచ్చి ఆ నీళ్ళను ఎత్తి ఇనుముకేసి కొడుతోంది. గొట్టం ఆ మోతను మూడంతస్తులకూ మోసుకుపోతోంది. దానికి తోడు వాల్వ్ సగం మూశారు. ఇలాంటి వాల్వ్ పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగంలో ఉంచితే నీళ్ళకు దారి ఇరుకవుతుంది."

లూయీ గునపంతో ఆ కొసను ఎత్తి పట్టుకున్నాడు. ఆగ్నెస్ తను తెచ్చిన రెండు చెక్క దిమ్మలు రేడియేటర్ కాళ్ళ కింద దోపి, వాల్వ్ పూర్తిగా తెరిచింది. గొట్టంలో ఏదో గుటకలు వేసినట్టయింది. ఒకటి రెండు సార్లు టక్కుమంది. తర్వాత గదిలో వాళ్ళ ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు.

"ఇలాంటి దిమ్మలు మొదటి నుంచీ ఇక్కడ ఉండేవి. నేల మీద వాటి మచ్చలున్నాయి. ఎవరో తీసేశారు. స్ట్రౌడ్ దగ్గర ఈ తలుపు తాళంచెవి లేదు. పైగా మోత వంటగదిలో అని ఆయన నిజంగానే నమ్మాడు. డోలరెస్‌కు ఎక్కడో కూడా తెలియదు. మిగతావాళ్ళలో పడకగది అని నాకు చెప్పింది ఒక్కరే. వెండిరంగు దిమ్మలు నేను చూసింది కూడా ఆయన ఇంట్లోనే, మంచం కింద."

నోరా మొగుడి వైపు తిరిగింది. "ఎక్కడో దొరికాయన్నావు కదా, ఆంబ్రోస్."

ఆంబ్రోస్ మెల్లగా చెప్పాడు. కిందటి చలికాలం నోరా మెట్ల మీద పడింది. కింది వాటా ఇమ్మని స్ట్రౌడ్‌ను ఎన్నోసార్లు అడిగాడు. ఆ ముసల్ది ఖాళీ చేస్తే నీకేనన్నాడు. తమ వాటాలోనూ ఒకసారి ఇలాగే మోత పుడితే దిమ్మలు పెట్టి ఆపారు. అది గుర్తుండిపోయింది. విసిగిపోయి హలీనా చెల్లెలి దగ్గరకు పోతుందనుకున్నాడు. కోర్టుదాకా వస్తుందనుకోలేదు.

"నువ్వు నోరు తెరిచి నన్ను అడగలేకపోయావా?" అంది హలీనా.

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు. కానీ నీ తరఫున వీడితో పోట్లాడేదాన్ని."

స్ట్రౌడ్ టోపీ పెట్టుకున్నాడు. కేసు వెనక్కి తీసుకుంటానన్నాడు. తన సామాను పాడుచేసినందుకు నెలాఖరుకల్లా టులీలు మేడ ఖాళీ చేయాలని చెప్పి తలుపు వైపు నడిచాడు. హలీనా లేచి వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆవిడ తల ఆయన భుజానికి కూడా రాదు.

"ఎవరూ ఖాళీ చేయరు. ఎదురు వాటాలో నీ పాత కుర్చీలూ బల్లలూ కుక్కుకున్నావు చూడు, అవి తీయించు. నోరా అందులో దిగుతుంది."

"తీయించకపోతే?"

"సోమవారం నువ్వు కోర్టుకు రాకపోయినా నేను వస్తాను. చేయని దానికి నన్ను వీధిలో పడేయబోయావని జడ్జికి చెప్తాను. మోత ఎందుకొచ్చిందో ఈ డోరన్ గారు చెప్తారు. ఏళ్ళ తరబడి ఏ రేడియేటర్ దగ్గరా నువ్వు వంగి చూడలేదని డోలరెస్ చెప్తుంది. చెప్తావా, డోలరెస్?"

డోలరెస్ కళ్ళు తుడుచుకుని, చెప్తానంది.

స్ట్రౌడ్ ఆగ్నెస్ వైపు చూశాడు. ఆవిడ తన కోటు బొత్తాలు పెట్టుకుంటోంది. ఆయన ఏదో గొణిగి, కుర్చీలు తీయించడానికి రేపు మనుషులను పంపుతానన్నాడు. హలీనా అప్పుడు గానీ పక్కకు తప్పుకోలేదు.

ఆంబ్రోస్ ఆవిడ దగ్గరకు వచ్చి చేతులు పట్టుకోబోయాడు. ఆవిడ వెనక్కి లాక్కుంది.

"నిన్ను క్షమించాననుకోకు. రోజూ పొద్దున్నే తిడతాను. ఎదురు తలుపేగా, నాకు మెట్లెక్కే పని కూడా లేదు."