పక్క కుర్చీ

మునిసిపాలిటీ నీళ్లు వచ్చే వేళకు ముంబయి కామాఠిపురలో, వరసగా ఒంటిగదులున్న ఆ చాళ్లో అందరికంటే ముందు లేచేది బక్కయ్యే. ఆ ఉదయం కూడా డ్రమ్ము సగం నింపాడో లేదో, ఎదురు గదిలోంచి శాంతాబాయి కేక వేసింది.

"బక్కయ్యన్నా, జల్దీ రా! మీ మేఘా టీవీల కనవడుతుంది!"

బక్కయ్య పైపు వదిలేసి ఆమె గడపలో నిలబడ్డాడు. రాత్రికి రాబోయే పోటీ ప్రకటన అది. అక్షరాలు కలిపి మాటలు కట్టాలి, ఇచ్చిన అంకెలతో అడిగిన సంఖ్య తేవాలి. ఇద్దరు జంటగా ఆడే ఆట. తెర మీద అతని కూతురు మేఘా నవ్వుతోంది. పక్క కుర్చీలో ఆమె ఆఫీసులో పనిచేసే కుర్రాడు మంగేష్.

"గా కుర్చీల నువ్వు కూసోవాలె గదనే అన్నా?" అంది శాంతాబాయి.

బక్కయ్య వెనుదిరిగి తన గదిలోకి నడిచాడు.

భార్య రత్నాబాయి పోయాక ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. రోజూ టీవీలో చూస్తూ ఇద్దరూ ఆడుకునే ఈ ఆటే వాటిని మళ్లీ తెచ్చింది. మరాఠీ మాటలు కూతురివి, లెక్కలు తండ్రివి. పాలమూరు పల్లె బడిలో నేర్చిన ఎక్కాలు అతను గొణుక్కుంటుంటే మేఘా పడీపడీ నవ్వేది. వర్లీలో ఎంపికకు ఇద్దరూ కలిసి వెళ్లారు, నెగ్గారు. ఆ తర్వాత షూటింగ్ రద్దయిందని మేఘా చెప్పింది. అతను నమ్మాడు.

మేఘా అద్దం ముందు జడ వేసుకుంటోంది.

"షూటింగ్ క్యాన్సిల్ అన్నవ్."

దువ్వెన ఆగిపోయింది. "నాయినా..."

"మంగేష్‌కు ఎక్కాలు వచ్చునా?"

"రావు. ఓడిపోయినం."

"మంచిగైంది."

"అట్లనకు నాయినా!"

"ఎట్లనాలె? ముసలోడు, మరాఠీ సక్కగ రాదు. పక్కన కూసోవెట్టుకుంటే సిగ్గయితదనుకున్నవా?"

మేఘా మంచం మీద కూలబడింది. "సిగ్గు గాదు. సెలక్షనైనంక టీవీ వాండ్లు నన్నొక్కదాన్నే పిలిచిండ్రు. ఆట మొదలుగాక ముందు నీతోని అమ్మ సంగతి చెప్పిస్తరంట. దవాఖానల అమ్మ ఆఖరు మాట ఏందని అడుగుతరంట. మన గల్లీల నిన్ను నిలవెట్టి వీడియో తీస్తరంట. మీ నాయిన ఏడిస్తే మస్తుంటదన్నరు. నువ్వు నా ముందట గూడ ఏడ్వలే. గంతమంది ముందట ఏడ్పిస్తరంటే నాతోని కాలే."

రత్నాబాయి ఆఖరి మాట బక్కయ్య ఎవరికీ చెప్పలేదు, కూతురికి కూడా. మేఘా ఎందుకు అబద్ధం చెప్పిందో తెలిసింది. అయినా మనసు మెత్తబడలేదు.

"నన్నడిగినవా?"

"నా కోసం సరే అంటవని భయమైంది."

"అడిగితే నేను రానని అందును. నా నోటితోని నేనే అందును. నువ్వు గా మాట గూడ నన్ను అననియ్యలే. అబద్ధం చెప్పి ఇంట్ల కూసోవెట్టినవ్."

తండ్రి దగ్గర్నుంచి తానేం లాక్కుందో మేఘాకు అప్పుడు అర్థమైంది. రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. "తప్పయింది నాయినా."

బక్కయ్య ఊరుకోమనలేదు.

ఇంతలో శాంతాబాయి మరో ఇద్దరిని వెంటబెట్టుకుని గడప దగ్గరికి వచ్చింది. "ఏందే మేఘా, తండ్రిని ఇంట్ల వెట్టి పరాయి పోరన్ని తోల్కపోతవా? గిదేనా నీ చదువు?"

మేఘా తలెత్తేలోపు బక్కయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నేనే రానన్న."

"మల్ల గన్ని దినాలు లెక్కలు చేస్తివి?"

"చేసిన. పిలిచినంక వద్దనిపించింది. నా బిడ్డ బతిమాలింది. నేనే పోలే. బస్."

ఆడవాళ్లు మొహాలు చూసుకుని వెళ్లిపోయారు. బక్కయ్య తలుపు దగ్గరికి వేశాడు.

"నాయినా..." అంది మేఘా.

"మాఫ్ చేసిన అనుకోకు. ఇంకా చెయ్యలే," అన్నాడు అతను, ఆమె వైపు తిరగకుండానే. "రాత్రికి జల్దీ రా. ఎట్ల ఓడిండ్రో ఇద్దరం కూసోని చూద్దాం."