నేల కింది జవాబు

చీకటి పడ్డాక ఆ పెరట్లోకి వెళ్లొద్దని వీధిలో అందరూ మా బాబాయికి చెప్పారు. అంతకుముందు ఆ ఇంట్లో ఉన్న ముసలావిడ అక్కడే కుప్పకూలి పోయిందట. అప్పట్నుంచి నేల కిందనుంచి మూలుగు వినిపిస్తుందని, అద్దెకొచ్చినవాళ్లెవరూ నిలవలేదని అన్నారు. దెయ్యం పుణ్యమా అని ఇల్లు చవగ్గా దొరికిందని బాబాయి నవ్వేశాడు.

పిన్ని ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చోడానికి పెరట్లో కంకర పరిచిన చోటు కావాలంది. కంకర గుమ్మరిస్తే సరిపోతుందా? కింద నేల గట్టిగా లేకపోతే మొదటి వానకే కుంగిపోతుంది. బాబాయి జానెడు లోతు మట్టి తవ్వి తీశాడు. నీళ్లు ఇంటివైపు రాకుండా కాస్త వాలు పెట్టి చదును చేశాడు. తడిపి, నేల గట్టిపడేలా బరువైన దిమ్మిస ఎత్తి కొట్టడం మొదలుపెట్టాడు.

అప్పటికే పొద్దుగూకింది. పిన్ని ఇంకా రాలేదు. వంటింటి బల్బు వెలుగు గుమ్మం దాటి రావడం లేదు.

ధన్... ధన్...

ప్రహరీ గోడ దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మారింది. కింద బోలుగా ఉన్నట్టు. ఇంకో దెబ్బ వేశాడు.

టక్.

కిందనుంచి.

ప్రతిధ్వనేమో అనుకుని రెండు దెబ్బలు వేశాడు. కిందనుంచీ రెండు. దిమ్మిస ఎత్తి, వెయ్యకుండా అలాగే నిలబడ్డాడు —

టక్. టక్. టక్.

దిమ్మిస ఎక్కడ పడేశాడో తెలీదు. లోపలికి పరుగెత్తి గడియ పెట్టుకున్నాడు. చెవులు మూసుకున్నా వినిపిస్తూనే ఉందట... నేలలోనో, తన తలలోనో తేల్చుకోలేకపోయాడు.

పిన్ని వచ్చి వీధి తలుపు తడితే తియ్యలేదు. కిటికీలోంచి ఆమె మొహం చూశాకే తీశాడు. జరిగింది చెప్పాడు.

ఆమె టార్చి తీసుకుని పెరట్లోకి నడిచింది. వెనకే బాబాయి, ఆమె భుజం పట్టుకుని. ఆమెకీ భయంగానే ఉంది. అయినా వంగి నేలకి చెవి ఆనించింది.

టక్...

చాలాసేపటికి... టక్.

"ఇందాక ఇలాగే ఉందా?" గుసగుసగా అడిగింది.

"లేదు. గట్టిగా... వెంటవెంటనే కొట్టింది."

పిన్ని తల ఎత్తింది.

"దెయ్యం అలిసిపోతుందా?"

గోడ పక్కన స్టూలు వేసుకుని, అవతలికి టార్చి వేసింది. పక్కింటి పెరట్లో ఆరేసిన బట్టలు ఇంకా తీగ మీదే ఉన్నాయి. వాటి కింద విరిగిన బండ. దాని పక్కన నల్లటి గొయ్యి...

ఇద్దరూ చుట్టూ తిరిగి వెళ్లారు. వెలుతురు గోతిలో పడగానే రెండు కళ్లు మెరిశాయి. ఒక చెయ్యి, అందులో రాయి.

పక్కింట్లో ఒంటరిగా ఉండే దర్జీ.

రెండిళ్లూ ఒకప్పుడు ఒకరివే. గోడ కింద, భూమిలో, రెండు పెరళ్లకీ కలిసి పాత నీళ్ల తొట్టి ఉంది. బట్టలు తియ్యబోతే దాని మీది బండ విరిగి మధ్యాహ్నమే పడిపోయాడు. కాలు విరిగింది. అరిచి అరిచి, బాబాయి పనికి దిగేసరికే గొంతు పోయింది.

వీధిలోవాళ్లని పిలిచి, నిచ్చెన దించి, అందరూ కలిసి పైకి తీశారు. అంబులెన్సు వచ్చి స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక, ఆయన బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. గాలి తప్ప గొంతు లేదు.

"మీ చప్పుడు విన్నంతసేపూ ధైర్యంగానే ఉన్నాను బాబూ. అది ఆగిపోయాకే... భయమేసింది."

బాబాయి ఆసుపత్రి దాకా ఆ చెయ్యి వదల్లేదు.