దుప్పటికి అటు చివర

పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. హోటళ్ల నుంచి మా లాండ్రీకి వచ్చేవన్నీ పెద్ద మంచాలవే. ఒంటిచేత్తో లొంగవు. రెండు మూలలు ఒకరు, రెండు మూలలు ఇంకొకరు పట్టుకుని బిగించి లాగాలి. తర్వాత ఒకరు నడిచి వచ్చి, తన మూలలు ఎదుటివాళ్ల చేతిలో పెట్టాలి. మడత మడతకీ మధ్యలో దూరం తగ్గుతుంది. చివరికి వేళ్లకి వేళ్లు తగులుతాయి.

ఆ పని నాదీ, మా తోడికోడలిదీ. ఆవిడ మా బావగారి భార్య, నాకంటే పెద్దది. అక్కా అని పిలుస్తాను. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే బస్సెక్కి పనికి వస్తాం. నలుగురిలో నాకు నోరు పెగలదు. సెలవు కావాలన్నా నా తరఫున అక్కే అడిగేది. "మా చెల్లికి నోట్లో నాలుక లేదండీ, దానిది కూడా నాకే ఇచ్చేసింది" అని అందరినీ నవ్వించేది.

ఆరబెట్టే గది వెనకవైపు ఉంటుంది. కిటికీల్లేవు. ఎప్పుడు చూసినా ఆవిరి, సబ్బు వాసన, ఒకటే బల్బు. ఒక సాయంత్రం ఇద్దరం అక్కడే మడుస్తున్నాం. అక్క ఫోన్ మోగింది. "ఉండవే, ఇప్పుడే వస్తా" అని తన మూలలు వదిలేసి తలుపు దగ్గరికి వెళ్లింది. ఉతికిన దుప్పటి నేలకి తగులుతుందని నేను గబుక్కున పైకి ఎత్తబోయాను.

ఎత్తనక్కర్లేకపోయింది.

అటు చివర కింద పడలేదు. రెండు మూలలూ గాల్లో, ఒకే ఎత్తున, అలాగే ఉన్నాయి. కాస్త లాగి చూశాను. అటు నుంచి కూడా లాగారు... మెల్లగా. తడి బట్ట మాడిన వాసన వచ్చింది.

"అక్కా..."

"చూస్తున్నానే..." తలుపు దగ్గర నుంచి అక్క గొంతు వినిపించింది. "వదిలేయ్. వదిలేసి వచ్చేయ్."

వదిలేశాను.

బస్సులో అక్క నా చెయ్యి వదల్లేదు. "ఒక్కరం చెబితే పిచ్చి అంటారు. ఇద్దరం చెబితే వింటారు. రేపు ఓనరు గారి దగ్గర నువ్వు మొదలుపెట్టు, నేను అందుకుంటాను. ఒట్టు" అంది.

మర్నాడు మొదలుపెట్టాను. పుట్టి బుద్ధెరిగాక ఒకరి ముందు అంతసేపు మాట్లాడింది అదే. చెప్పడం అయ్యాక అక్క వైపు చూశాను. అక్క నేల వైపు చూస్తోంది.

"నేనేం చూడలేదండీ. ఫోన్లో ఉన్నాను" అంది. "పాపం, ఈమధ్య దీనికి నిద్ర పట్టడం లేదు. మాత్రలు కూడా మింగుతోంది."

నేను జీవితంలో నిద్రమాత్ర ముట్టుకోలేదు. గాల్లో నిలబడ్డ దుప్పటిని చూసినప్పుడు కూడా నా ఒళ్లు అంత చల్లబడలేదు.

ఓనరు గారు నెమ్మదైన పెద్దాయన. కోప్పడలేదు. "నువ్వు అబద్ధం ఆడావని అనను తల్లీ. కానీ ఇది చిన్న మాట కాదు. చూసిందని నువ్వు చెప్పిన మనిషే చూడలేదంటోంది. ఇక నేను దేన్ని పట్టుకుని నమ్మాలి? ఈ మాట పాకితే ఆ గదిలోకి ఒక్కరూ అడుగుపెట్టరు. రుజువు చూపించు. లేదంటే నిన్ను పనిలో ఉంచుకోలేను."

రుజువు ఎలాగో కూడా ఆయనే ఆలోచించారు. గదిలో బల్ల, తాళ్లు తీయించేశారు. నేలంతా నీళ్లు కొట్టించారు. ఆరిన దుప్పటి ఒకటి నా చేతికిచ్చారు. కింద పరిచి మడిస్తే తడుస్తుంది. ఒంటరిగా గాల్లో మడిస్తే మూలలు కలవవు. అక్కని తన పక్కనే నిలబెట్టుకుని, బయట నుంచి తలుపు వేశారు.

నాకు భయం కంటే కోపమే ఎక్కువగా ఉంది. రెండు మూలలు పట్టుకుని దుప్పటి విసిరాను. అటు చివర కిందికి వాలుతోంది... వాలుతోంది... నీటికి జానెడు పైన ఆగింది.

మెల్లగా లేచింది. బిగిసింది.

మాడిన వాసన. తర్వాత నీళ్లలో అడుగులు. చప్... చప్... నా వైపు. మూలలు వచ్చి నా చేతిలో పడ్డాయి. ఎవరూ కనబడలేదు. అడుగులు వెనక్కి వెళ్లాయి. ఇంకో మడత. మళ్లీ వచ్చాయి. ఈసారి దగ్గర్నుంచే. ఇంకో మడత. ఇప్పుడు ఊపిరి నా మొహానికి తగులుతోంది...

చివరి మూలలు ఇస్తుంటే వేళ్లు తగిలాయి. రుజువు కావాలి కదా. గబుక్కున పట్టేసుకున్నాను. కనబడని మణికట్టు. వెచ్చగా ఉంది. నాడి కొట్టుకుంటోంది. గోళ్లు దిగేదాకా నొక్కాను. విదిలించుకోలేదు. ఉన్నట్టుండి నా గుప్పిట్లో ఏమీ లేదు.

ఓనరు గారు తలుపు తీసి లోపలికి వచ్చి, దుప్పటిని అటూ ఇటూ తిప్పి చూశారు. మూల మీద మూల. ఎక్కడా తడి లేదు.

నేను అక్క చెయ్యి చూశాను. మణికట్టు మీద నాలుగు గోళ్ల గుర్తులు. ఎర్రగా, పచ్చిగా.

ఆ చెయ్యి పట్టుకుని ఆయన ముందు పెట్టాను. ఆయన అడిగారు, "ఇదేంటమ్మా?"

"పొద్దున ఇస్త్రీపెట్టె తగిలిందండీ" అంది అక్క. గొంతు కొంచెం కూడా తొణకలేదు.

ఆయన వంగి ఆ గుర్తులు చూశారు. "తలుపు వేసినప్పటి నుంచీ ఈవిడ నా పక్కన నుంచి కదల్లేదు. దానికి నేనే సాక్షిని" అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు. గదికి తాళం వేయించారు. "నీ పని ఎక్కడికీ పోదు తల్లీ. రేపటి నుంచి ముందు గదిలో మడవండి. ఇద్దరూ కలిసే."

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక అక్క దండెం మీద నుంచి దుప్పటి తీసింది. "పట్టుకోవే" అంది, ఏమీ జరగనట్టు.

పట్టుకున్నాను. "ఓనరు గారి ముందు నన్ను పిచ్చిదాన్ని చేశావెందుకక్కా?" అని అడిగాను.

"ఆ గదిలో నువ్వు వదిలేశావుగా" అంది మెల్లగా.

"వదిలేయమన్నది నువ్వే కదా!"

"నేనా?"

మూలలు పట్టుకుని నా వైపు నడిచి వచ్చింది. ఇంకో మడత. ఇంకా దగ్గరికి వచ్చింది. దుప్పటి మాడిన వాసన వేస్తోంది. చేతులు చాచింది... నా గోళ్ల గుర్తులు పడ్డ మణికట్టే నున్నగా ఉంది. ఒక్క గీత కూడా లేదు.

"ఈసారి వదలకు" అంది.