పొద్దుగూకినంక ఘాటెక్కిన లారీ

కరీంనగర్ లారీ అడ్డా పక్కన చాయ్ హోటల్లో, బల్ల మీద ఒలికిన నీళ్లను వేలితో లాగుతూ అక్బర్ దారి గీశాడు. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్, సోన్ వంతెన, నిర్మల్. అక్కడ వేలు ఆపాడు.

"గిక్కడ పండుడు. తెల్లారినంకనే గుట్టల ఘాటు రోడ్డెక్కుడు. ఆదిలాబాద్ల ఇంత తిని పెన్‌గంగ దాటుడు. పర్మిట్ల గీ తొవ్వనే రాసుంది రాజలింగూ. వేరే తొవ్వ పడితే చెక్‌పోస్టు నాకా కాడ బండి గుంజుకుంటరు. ఇద్దరం మార్చుకుంట నడుపుదాం. కునికేటోడు స్టీరింగ్ ముట్టద్దు."

అక్బర్ నిజాం కాలం నుంచీ లారీ తోలుతున్నవాడు. రాజలింగు తల ఊపాడు గానీ ఒక్క మాటా చెవికెక్కలేదు. అతని భార్య సారక్క నాగపూర్ పెద్దాసుపత్రిలో ఉంది. కడుపులో గడ్డ. అత్త లింగవ్వ తోడుగా ఉంది. ఆ పొద్దున్నే లారీ యజమాని సేటు దుకాణానికి ఫోన్ వచ్చింది. ఆపరేషన్ అయింది కానీ సోయి లేదు, మధ్య మధ్యలో నీ పేరే పలవరిస్తోంది, తొందరగా రమ్మని. నాగపూర్ పోయే చింతపండు లోడు తనకే ఇమ్మని రాజలింగు సేటును బతిమాలుకుని మరీ తీసుకున్నాడు.

ఆర్మూర్ దాటాక టైరు పేలింది. అది మార్చి నిర్మల్ చేరేసరికి పొద్దు వాలిపోతోంది. చలికాలం. ఘాటు దిక్కున అడవి మీద అప్పటికే తెల్లటి తెర కమ్ముకుంటోంది.

"ఆపు," అన్నాడు అక్బర్. "పొగమంచు. పొద్దుగాల పోదాం."

"సారక్క నన్ను పిలుస్తుందట భాయ్. నేను పోయేసరికి లేకపోతే?"

"నువ్వు లోయల పడితే దానికెవరున్నరు?"

రాజలింగు బండి పక్కకు ఆపి, స్టీరింగ్ వదిలి వంగి అక్బర్ కాళ్లు పట్టుకున్నాడు. తనకంటే పెద్దవాడు, తనకు బండి నేర్పినవాడు. అక్బర్ కాళ్లు వెనక్కి తీసుకుని కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. "మెల్లగ పోనియ్యి," అన్నాడు.

ఘాటు మొదలైంది. రెండు పక్కలా టేకు చెట్లు. ఎండిన ఆకులు గాలి లేకుండానే టపటపా రాలుతున్నాయి. వెనక బస్తాల్లోంచి చింతపండు పులుపు వాసన, కింద నుంచి కాలిన డీజిల్ వాసన. మలుపు మలుపుకూ మంచు చిక్కబడింది. లైట్ల వెలుగు నాలుగు బారలు కూడా పోకుండా గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతోంది.

అప్పుడు ముందు ఎర్రదీపం కనిపించింది.

మరో లారీ. రాజలింగుకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. దారి తెలిసినవాడెవడో ముందు పోతున్నాడు, వాడి వెనకే పోతే చాలు. దగ్గరికి తోలాడు. బస్తాల లోడు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. గొంగడి కప్పుకుని, వెనక్కి తిరిగి, వీళ్ల వైపే చూస్తూ. చెయ్యి ఊపుతున్నాడు.

"భాయ్, గా లారీ మీద మనిషిని సూడు. దా దా అంటుండు."

అక్బర్ అద్దం తుడిచి ముందుకు వంగాడు.

"ఏ లారీ?"

రాజలింగు చెవులు రిక్కించాడు. ఒక్క ఇంజిన్ చప్పుడే వినిపిస్తోంది... తమదే. ముందున్న లారీకి పొగ లేదు. చప్పుడు లేదు.

గొంగడి జారింది.

ఆ మొహం తనదే. కనుబొమ మీది గాటుతో సహా. నవ్వుతున్నాడు... పెదాలు కదిలాయి. అంత దూరంలో ఉన్న మనిషి గొంతు చెవి పక్కనే వినిపించింది.

"దా... సారక్క కాడికే... దా..."

రాజలింగు కాలు దానంతటదే ఎక్సిలేటర్ తొక్కింది. తీద్దామనుకున్నాడు... కాలు తనది కాదు.

"యా అల్లా! బ్రేకు!" అక్బర్ హ్యాండ్‌బ్రేకు మీద పడ్డాడు. లారీ అడ్డంగా జారి, ఊగి, ఆగింది.

ఎర్రదీపం లేదు.

అక్బర్ టార్చి పట్టుకుని దిగాడు. ముందు చక్రం ఒకటి లోయ అంచు దాటి గాలిలో తిరుగుతోంది. కాలి కింది రాయి ఒకటి జారి మంచులో పడింది. అది నేలకు తగిలిన చప్పుడు వాళ్లకు వినిపించలేదు.

చక్రాలకు బండరాళ్లు పెట్టి తెల్లారేదాకా కూర్చున్నారు. రాజలింగు మొహం మోకాళ్లలో పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు. తాను చూసిన మొహం ఎవరిదో అక్బర్‌కు చెప్పలేదు. పొద్దున వేరే లారీ వాళ్లు తాళ్లు కట్టి లాగారు. ఆ తరువాత స్టీరింగ్ అక్బర్‌దే. ఆదిలాబాద్, పెన్‌గంగ, నాకా... నాగపూర్ చేరేసరికి మళ్లీ సాయంత్రమైంది. రాజలింగును ఆసుపత్రి దగ్గర దించి అక్బర్ లోడుతో మండీకి పోయాడు.

రాజలింగు పరుగెత్తాడు. పొడుగాటి వార్డు, ఫినాయిలు వాసన. చివరి మంచం మీద సారక్క కళ్లు తెరుచుకుని ఉంది. బతికి ఉంది. మంచం పక్కన కూలబడి ఆమె చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"మల్ల ఏడుస్తవేంది?" అంది సారక్క నీరసంగా. "ఏడ్వకుమని నిన్ననే చెప్తి గద."

అతని ఏడుపు ఆగిపోయింది.

లింగవ్వ పక్కబట్టలు మడిచి మూట కడుతోంది. "నువ్వచ్చినంకనే కండ్లు తెరిచింది బిడ్డా. నిన్న పొద్దుగూకంగ వస్తివి, రాత్రంత దీని తల నిమురుకుంట కూసుంటివి. చేతులైతే మంచుగడ్డలే."

"నేనా అత్తా?"

"మల్లెవలు? నిన్న రాంగనే, రేపు గిదే యాళ్లకు వచ్చి తీసుకపోత, తయారుండుమంటివి గద. డాక్టరు పంపనంటుండు. నువ్వే జెర మాట్లాడు."

కిటికీ బయట వెలుగు తగ్గిపోతోంది. వార్డు ఆ చివర తలుపు కిర్రుమంది. రాజలింగు ఆమె చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. వెనక్కి తిరగలేదు.

సారక్క అతని భుజం మీదుగా చూసి నవ్వింది.

"ఆగు," అంది, "వస్తున్న."

ఆమె రెండో చేతిని ముందుకు చాచింది. ఎవరో అందుకున్నట్టు ఆ వేళ్లు గాలిలో మెల్లగా ముడుచుకున్నాయి.